నేను దిగిపోతే ఈ రాడార్ ఎవరు చూస్తారు?

ఈసారి ఉత్తరం విశాఖలోని ఒక నేవీ సెయిలర్ నుంచి. పేరు వేయొద్దన్నాడు. సొంతూరు ఉద్దానంలో, సోంపేట దగ్గర పల్లె. 2012లో ఎస్‌ఎస్‌ఆర్‌గా, అంటే ఇంటర్ అర్హత మీద తీసుకునే సెయిలర్‌గా, సెలెక్ట్ అయ్యి ఒడిశాలోని నేవీ శిక్షణ కేంద్రం చిల్కాలో చేరాడు, అక్కడి నుంచి జామ్‌నగర్‌లోని నేవీ ఎలక్ట్రికల్ స్కూలు వల్సురాకు, ఆ తర్వాత వరసగా ఓడలు. ఎలక్ట్రికల్ మెకానిక్, రేడియో. అంటే ఓడ మీద రాడార్లు, సోనార్, కమ్యూనికేషన్ సెట్లు చూసే పని. ఇప్పుడు పెట్టీ ఆఫీసర్. 2027లో 15 ఏళ్ళు నిండుతాయి. సర్వీసు పొడిగించుకుంటావా, విల్లింగా, అన్‌విల్లింగా రాసివ్వు అని ఆఫీసు అడుగుతోంది. రాయలేక తిరుగుతున్నాడు.

భార్య, మూడో తరగతి చదివే కూతురు శ్రీహరిపురంలో అద్దె ఇంట్లో ఉంటారు. తండ్రికి కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్, తీసుకెళ్ళేది తల్లే. భార్య అన్‌విల్లింగ్ రాసెయ్యమంటోంది. గాజువాకలో సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు అమ్మే బావమరిది, "బావా, వచ్చే డబ్బు నా షాపులో పెట్టు, పార్ట్‌నర్‌వి" అంటున్నాడు. ఓడ మీద, ర్యాంకులో ఇతని పైవాడైన చీఫ్ ఏమో "నువ్వు పోతే ఈ సెట్ ముట్టుకునేవాడు లేడు, వచ్చే అగ్నివీర్ కుర్రాళ్ళు సర్క్యూట్ కార్డు పీకి ఇంకో కార్డు పెట్టడం తప్ప ఏం చేస్తారు" అంటాడు. ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న ముక్క ఇది: "మొన్న సెయిలింగ్‌లో రాడార్ పిక్చర్ పోయింది. రెండు రాత్రులు కూర్చుని పట్టుకున్నాను, ఒక కనెక్టర్‌లో తేమ. కెప్టెన్ బ్రాడ్‌కాస్ట్‌లో నా పేరు చెప్పారు. ఆ సంతోషంతో ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, నీళ్ళ మోటరు పాడై నెలయింది, దానికి మాత్రం బయటి మెకానిక్‌ని పిలవాలి అంది. బయటికొస్తే ఈ పని ఇంక ఎక్కడా ఉండదు సార్. ఏటీఎం ముందు కుర్చీలో కూర్చోవడమే. అలాగని ఉండిపోతే ఇల్లు పోతుందేమోనని భయం. ఏం రాయమంటారు?"

తమ్ముడూ,

ముందు ఒక చిన్న చివాటు. నీ ఉత్తరంలో ఓడ పేరు, సెట్ పేరు, ఏ ఏరియాలో సెయిలింగ్ చేశారో అన్నీ ఉన్నాయి. తీసేశాను. 2019లో విశాఖ గూఢచర్యం కేసు బయటపడ్డాక నేవీ ఫేస్‌బుక్కూ, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లూ ఎందుకు నిషేధించిందో నీకు నాకన్నా బాగా తెలుసు. మనసు బాగాలేనప్పుడు మనిషి ఎవరికైనా ఏదైనా రాసేస్తాడు, అవతలివాళ్ళు కాచుకునేది సరిగ్గా దానికోసమే. ఇది ఇంకోసారి పనికొచ్చే మాట కూడా, ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు చీఫ్ మాట. "నువ్వు పోతే ఈ సెట్ ఎవరు చూస్తారు." ఈ మాట నాకూ చెప్పారు, నేనూ నా కింది వాళ్ళకు చెప్పాను, అందరం ప్రేమగానే చెప్తాం. కానీ దాన్ని పట్టుకుని జీవితం నిర్ణయించుకోకు. నువ్వు విల్లింగ్ రాసినా ఆ రాడార్ దగ్గరే ఉంటావని ఎవరు చెప్పారు? ముంబయిలో సెయిలర్ల పోస్టింగులు చూసే బ్యూరో వాళ్ళు రెండు మూడేళ్ళకు ఒకసారి నీ డ్రాఫ్ట్, అంటే బదిలీ, కొడతారు, కిట్‌బ్యాగ్ సర్దుకుని ఇంకో ఓడకో, వర్క్‌షాపుకో పోతావు, అక్కడ వేరే సెట్. ఉంటే తిరిగే నీళ్ళు వేరు, పోతే పోయే దారి వేరు, ఆ సెట్ మాత్రం రెండిట్లోనూ నీ చేయి జారిపోయేదే.

ఇంకా పెద్ద సంగతి ఉంది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ గుర్తుందిగా, 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన ఓడ, 2021 మే 21న విశాఖ డాక్‌యార్డ్‌లోనే దాని జెండా దించారు. ఆ తరం సెట్లకు రష్యన్ మాన్యువల్స్, వాల్వులు, ఇంత లావు కేబుళ్ళు. వాటిని గుడ్డిగా తడిమి ఫాల్ట్ చెప్పగలిగిన మాస్టర్ చీఫ్‌లు ఉండేవాళ్ళు. ఓడ పోయింది, సెట్ పోయింది, ఆ సెట్‌కు మాత్రమే పనికొచ్చే జ్ఞానమూ పోయింది. ఇక 2025 ఆగస్టు 26న అదే విశాఖలో ఉదయగిరి, హిమగిరి అనే కొత్త యుద్ధనౌకలు ఒకేరోజు కమిషన్ అయ్యాయి. కొత్త ఓడ దగ్గరికి ఎంత అనుభవం ఉన్నవాడు వెళ్ళినా మొదటి నెల కొత్తవాడే. అంటే నీ సెట్ మీద నీకున్న పట్టు నేవీలో ఉన్నా కొన్నేళ్ళకు చెల్లని నోటు అవుతుంది. చెల్లుబాటు అయ్యేది వేరే ఉంది.

అదేంటో నీ ఉత్తరంలోనే రాశావు, నువ్వు గమనించలేదు. రెండు రాత్రులు ఏం చేశావు? పిక్చర్ పోయింది అనగానే కార్డులు మార్చడం మొదలుపెట్టలేదు. పవర్ సప్లయ్ వోల్టేజీలు చూశావు, కూలింగ్ సరిగా ఉందా చూశావు, అంతా బాగానే ఉంటే అప్పుడు సిగ్నల్ ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అని ఒక్కో మెట్టూ వెనక్కి నడిచావు. ఓడ ఒరిగినప్పుడు మాత్రమే వచ్చి పోయే ఫాల్ట్ కాబట్టి, ఇది కార్డు కాదు, ఎక్కడో కదిలే చోట ఉంది అని ఊహించావు. రాడార్ ఆపించి, యాంటెన్నా ఆపి, తాళం జేబులో వేసుకుని, పైన మనుషులున్నారని బోర్డు తగిలించి మాస్ట్ ఎక్కావు. కనెక్టర్ విప్పి, ఆరబెట్టి, సీల్ మార్చి, దిగొచ్చి రిజిస్టర్‌లో రాశావు. ఇందులో రాడార్‌కు మాత్రమే పనికొచ్చేది ఎంత? చాలా తక్కువ. మిగతాదంతా ఏ హై వోల్టేజ్ మెషీన్‌కైనా, చల్లగా ఉంచాల్సిన, తేమ తగలకూడని ఏ ఎలక్ట్రానిక్స్‌కైనా సరిపోయే పనే. ఆసుపత్రిలో సీటీ స్కాన్ బాగుచేసేవాడూ అదే చేస్తాడు. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో రియాక్టర్ టెంపరేచర్ తప్పుగా చూపిస్తోందని అర్ధరాత్రి పిలిస్తే వెళ్ళే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ కూడా అదే. విశాఖలో, మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు తుపాన్ల కోసం ఆకాశం చూస్తూనే ఉన్నాయి, వాటిలోనూ సిగ్నల్ మోసే వేవ్‌గైడ్ గొట్టాలే, వాటికీ ఉప్పుగాలే.

కాబట్టి "ఈ పని ఇంక ఎక్కడా ఉండదు" అన్నది నిజం కాదు. కానీ నిన్ను ఊరించడం కూడా నాకిష్టం లేదు. పని ఉంది, ఆ పని నీకు ఇచ్చేవాడికి చూపించే కాగితం నీ దగ్గర లేదు. అసలు తలనొప్పి ఇది.

మనవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 15 ఏళ్ళ సర్వీసు, మెట్రిక్ ఉంటే కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానంగా చూస్తారు, నిజమే. కానీ అది డిగ్రీ అడిగే మామూలు పోస్టులకు, టెక్నికల్ క్వాలిఫికేషన్ అడిగేవాటికి కాదు. జూనియర్ ఇంజినీర్ పోస్టుకు డిప్లొమా అని ఉంటే, నువ్వు డజను రాడార్లు బతికించినా అప్లికేషన్ దగ్గరే ఆగిపోతుంది. డిస్టెన్స్‌లో ఇంజినీరింగ్ డిప్లొమా ఇస్తామని ఫోన్ చేసేవాళ్ళకు ఒక్క రూపాయి కట్టకు, కరస్పాండెన్స్ ఇంజినీరింగ్ చదువులు చెల్లవని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. డిప్లొమా కావాలంటే పాలిటెక్నిక్‌లో కూర్చుని చదవాల్సిందే, మన వయసులో కుర్రాళ్ళ మధ్య కూర్చోవడం సిగ్గుగా ఉంటుంది, కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

అన్‌విల్లింగ్ రాస్తే ఏమవుతుందో చూద్దాం. 15 ఏళ్ళు నిండితే పింఛను వస్తుంది, బేసిక్, దానికి మిలిటరీ సర్వీస్ పే ఎంఎస్‌పీ 5,200 కలిపిన దాంట్లో సగం, ఆ పైన ధరల భత్యం డీఆర్. ఎంగేజ్‌మెంట్ పూర్తయి వెళ్తున్నావు కాబట్టి ఒకే ర్యాంకుకు ఒకే పింఛను ఇచ్చే ఓఆర్‌ఓపీకి ఇబ్బంది లేదు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వస్తుంది, తల్లిదండ్రులు నీ మీదే ఆధారపడి ఉంటే, వాళ్ళ సొంత ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దాని మీద డీఏ దాటకపోతే, వాళ్ళకూ వర్తిస్తుంది. కొబ్బరితోట మీద నాన్నగారికి వచ్చేది కూడా అందులో లెక్కేనని మర్చిపోకు. ఆయన డయాలసిస్ నీ సర్వీసుతో ముడిపడి ఉందేమోనని రాశావు కదా, ఈ లెక్క తేలితే సగం టెన్షన్ పోతుంది. ఇక ఉద్యోగాలంటావా, కేంద్రంలో గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, బ్యాంకులూ ప్రభుత్వ రంగ సంస్థల్లో అదే స్థాయికి 14.5 శాతం, రాష్ట్రంలో 2 శాతం. వయసులో నీ సర్వీసు మొత్తం తీసేసి ఇంకో మూడేళ్ళు సడలింపు ఇస్తారు కాబట్టి ఆ బెంగ లేదు. బ్యాంకు క్లర్కుగా విశాఖలోనో శ్రీకాకుళంలోనో కూర్చుని సాయంత్రం ఇంటికెళ్ళే మనవాళ్ళు బోలెడుమంది. నువ్వు ఏటీఎం ముందు కుర్చీ అని భయపడుతున్నావు, అది చేసేవాళ్ళను తక్కువ చేయను, కానీ అక్కడ చేరినవాళ్ళలో ఎక్కువమంది వేరే దారి లేక కాదు, ఆఖరి ఏడాది కాళ్ళు చాపుకుని కూర్చుని చేరారు. అన్‌విల్లింగ్ రాస్తే నీ ఆఖరి ఏడాది అలా గడవకూడదు. మాజీ సైనికుల పునరావాసం చూసే డీజీఆర్ కోర్సుల్లో ఇండస్ట్రియల్ ఆటోమేషన్‌కో, మెడికల్ ఎక్విప్‌మెంట్‌కో దగ్గరగా ఉండేది దొరికితే పట్టుకో. మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టిన కోర్సుల వెంట అందరూ పడతారు, నాకు వాటి మీద నమ్మకం లేదు.

బయోడేటా రాసేటప్పుడు పైన ఇచ్చిన చివాటు గుర్తుంచుకో. సెట్ పేర్లు, ఫ్రీక్వెన్సీలు, ఓడల పేర్లు ఏమీ వద్దు. "హై పవర్ ట్రాన్స్‌మిటర్ల మెయింటెనెన్స్, కార్డు లెవెల్ ఫాల్ట్ ఫైండింగ్, కూలింగ్ సిస్టమ్స్, ప్రివెంటివ్ మెయింటెనెన్స్ షెడ్యూల్, ఇంతమంది జూనియర్లకు ట్రెయినింగ్" ఇలా రాయి. బయట కంపెనీవాడికి కూడా ఇదే అర్థమవుతుంది. రాడార్ పేరు చెప్తే ఇంప్రెస్ అవుతాడని అనుకుంటాం, అవడు, వాడికి ఆ పేరే తెలీదు.

మర్చంట్ నేవీలో ఈటీఓగా వెళ్తే డాలర్లలో జీతం అని ఎవరో చెప్పారన్నావు. అంతర్జాతీయ నావికుల నిబంధనలకు 2010లో మనీలాలో చేసిన సవరణల తర్వాత ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ అనే సర్టిఫికెట్ వచ్చిన మాట నిజమే, కానీ దానికీ అర్హతలు, డీజీ షిప్పింగ్ ఒప్పుకున్న కోర్సు ఉన్నాయి, ఖర్చూ ఉంది. అంతకంటే ముందు, మీ ఆవిడ నిన్ను ఓడ దిగమంటుంటే ఇంకో ఓడ ఎక్కుతానని చెప్పే ధైర్యం నీకుందా? నాకైతే ఉండేది కాదు.

విల్లింగ్ రాస్తే? జీతం పెరుగుతూ పోతుంది, చీఫ్ అవుతావు, పింఛను ఆ పెరిగిన జీతం మీద వస్తుంది. 16 ఏళ్ళకు రెండో ఎంఏసీపీ, అంటే ప్రమోషన్ రాకపోయినా ఇచ్చే జీతం మెట్టు, వస్తుంది కదా, దాని కోసమైనా ఏడాది ఆగమని మెస్‌లో సలహాలు ఇస్తారు, కానీ నీకు లీడింగ్, పెట్టీ ఆఫీసర్ రెండు ప్రమోషన్లూ అయిపోయాయి కాబట్టి ఆ ఎంఏసీపీ వల్ల కొత్తగా ఒరిగేదేమీ ఉండదు, మూడోదైతే 24 ఏళ్ళకు. రెండో సంగతి, విల్లింగ్ రాశాక మధ్యలో మనసు మారి బయటకు వస్తానంటే దాన్ని ఏ లెక్కలో రాస్తారో ముందే కనుక్కో, ఎందుకంటే 2015 నవంబరు 7 తర్వాత తన కోరిక మీద ముందే డిశ్చార్జ్ అయినవాళ్ళకు ఓఆర్‌ఓపీ లేదు. ఈ రెండు విషయాలు రెగ్యులేటింగ్ ఆఫీసులో నోటితో కాదు, కాగితం మీద అడుగు.

విల్లింగ్ రాయడంలో ఇంకో దారి కూడా ఉంది, నువ్వు దాని గురించి ఆలోచించినట్టు లేదు. ఇన్నాళ్ళూ నువ్వు డ్రాఫ్ట్ వచ్చినప్పుడల్లా ఏది ఇస్తే అది తీసుకున్నావు. తండ్రి డయాలసిస్ కాగితాలు జతచేసి కంపాషనేట్ గ్రౌండ్స్ మీద విశాఖలోనే షోర్ పోస్టింగ్, అంటే ఓడ మీద కాకుండా ఒడ్డున పని, అడగొచ్చు. ఇస్తారని గ్యారంటీ లేదు, అడిగితే తప్పు మాత్రం లేదు. నీ బాగోగులు చూసే డివిజనల్ ఆఫీసర్‌కు నీ ఇంటి సంగతి తెలుసా? ఉత్తరంలో ఆయన ప్రస్తావనే లేదు. మనలో చాలామందికి ఇంటి కష్టం ఓడ మీద చెప్పడం నామోషీ, ఓడ మీద కష్టం ఇంట్లో చెప్పడం నామోషీ, మధ్యలో మనమే ఉడికిపోతాం. వల్సురాలో ఇన్‌స్ట్రక్టర్‌గా అడిగితే నీకు బాగా నచ్చే పని అదే, కుటుంబాన్ని తీసుకెళ్ళొచ్చు, కానీ జామ్‌నగర్‌కూ పలాసకూ ఎంత దూరమో నాన్నగారి విషయంలో ఆలోచించు.

ఇప్పుడు నీళ్ళ మోటరు. మీ ఆవిడ ఆ మాట అంటే నువ్వు నొచ్చుకున్నావు, నీ పనికి విలువ ఇవ్వలేదని. నేను చదివినప్పుడు మాత్రం ఆమె నీ పనిని చిన్నబుచ్చినట్టు అనిపించలేదు. నువ్వు ఎంత పనిమంతుడివో ఆమెకు తెలుసు కాబట్టే ఆ మాట వచ్చింది. ఓడకు దొరికిన ఆ రెండు రాత్రులు తనకు ఎప్పుడు దొరుకుతాయని అడిగింది. నువ్వు సెయిలింగ్‌లో ఉన్నప్పుడు ఆమె పాపకు జ్వరం వస్తే నేవీ వాళ్ళ కళ్యాణి ఆసుపత్రికి ఒక్కతే తీసుకెళ్ళి ఉంటుంది, ఇంటద్దె పెంచితే ఓనరుతో ఒక్కతే మాట్లాడి ఉంటుంది. నువ్వు తిరిగొచ్చి కనెక్టర్ కథ చెప్పావు. ఆమె కథ నువ్వు అడిగావా? ఉత్తరం మొత్తంలో ఆమె ఏం చేస్తుంది, ఏం చదువుకుంది, బయటికొచ్చాక ఎక్కడ ఉండాలనుకుంటోంది అనేది ఒక్క వాక్యం కూడా లేదు. సోంపేట వెళ్దామంటోందా, విశాఖలోనే ఉందామంటోందా? ఈ రెండూ పూర్తిగా వేరు జీవితాలు. సోంపేట అయితే ప్లాంట్ ఉద్యోగాలు లేవు, బ్యాంకో పోస్టాఫీసో చూసుకోవాలి. విశాఖ అయితే నాన్నగారిని తెచ్చి పెట్టుకోవాలి, ఆయన తోట వదిలి వస్తారా? విల్లింగ్, అన్‌విల్లింగ్ కంటే ముందు ఇది తేలాలి, ఇది తేలితే ఆ కాగితం దానంతటదే నిండుతుంది.

నా ఒపీనియన్ అడిగావు. నీ జాగాలో నేనుంటే, షోర్ పోస్టింగ్ కోసం ముందు అడిగి చూస్తాను, వస్తే విల్లింగ్ వైపు మొగ్గుతాను, రాకపోతే దిగిపోతాను. కానీ నాకు డయాలసిస్ మీద ఉన్న తండ్రి లేడు, మీ ఆవిడ నా భార్య కాదు. నువ్వు తిరగేసి ఆలోచించి దిగిపోవడమే మేలనుకుంటే అందులో పిరికితనం ఏమీ లేదు.

దిగినా, ఉన్నా, ఆ అగ్నివీర్ కుర్రాళ్ళ గురించి ఒక మాట. కార్డు పీకి కార్డు పెడతారని చీఫ్ విసుక్కున్నాడు, వాళ్ళది నాలుగేళ్ళ లెక్క, అందులో నూటికి 25 మందికి మించి రెగ్యులర్‌లోకి తీసుకోరు, అయినా నేర్పితే నేర్చుకుంటారు. మొన్నటి ఫాల్ట్ గురించి రిజిస్టర్‌లో "కనెక్టర్ శుభ్రం చేయబడినది" అని ఒక్క లైన్ రాసి ఉంటావు, అందరం అంతే రాస్తాం. ఒరిగినప్పుడే ఎందుకు పోయింది, ముందు ఏమేం చూసి కాదని తేల్చావు, అదంతా ఒక పేజీ రాసి అక్కడే ఓడ మీద పెట్టు. నువ్వు డ్రాఫ్ట్ మీద పోయినా అది అక్కడే ఉంటుంది, చీఫ్ ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు లేదు.

ఇక బావమరిది. సీసీ కెమెరాల పని చెడ్డది కాదు, నీ చేతికి అది పది నిమిషాల్లో పట్టుబడుతుంది. కానీ అతను అడుగుతోంది నీ చేతిని కాదు, నీ డబ్బుని. పింఛనులో 50 శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకోవచ్చు, తీసుకుంటే నెలనెలా వచ్చేది ఆ మేరకు తగ్గి మళ్ళీ 15 ఏళ్ళకు గానీ పూర్తిగా రాదు. పాప పెళ్ళీడుకు వచ్చేదాకా అన్నమాట. ఆ డబ్బు ఇల్లు కట్టుకోవడానికైతే ఒక ఆలోచన, షాపు స్టాకుకైతే నేను ఒప్పుకోను. మొహమాటంగా ఉంటే నా పేరు చెప్పు. ఆరు నెలలు జీతానికి పని చేస్తాను, ఆ తర్వాత పార్ట్‌నర్‌షిప్ మాట్లాడదాం అను, అంతకుముందు షాపు మూడేళ్ళ జీఎస్టీ రిటర్నులు చూపించమను. అప్పుడు అతను ఏమంటాడో నాకు రాయి.